మా బ్యాచ్‌లో రింగులు చూసింది నేనొక్కడినే

పోయిన నెలలో ఓ రాత్రి మా చిన్నాన్న కూతురు నాకో స్క్రీన్‌షాట్ పంపింది. వాట్సాప్ గ్రూపు పేరు 'ఫిజిక్స్ బ్యాచ్ 7'. మెంబర్లు నలుగురు. రాత్రి 9.40కి మా చెల్లి అందులో ఒక మెసేజ్ పెట్టింది. రీడింగ్స్ ఎవరు తీస్తారు, గ్రాఫ్ ఎవరు వేస్తారు, రిపోర్ట్ ఎవరు టైప్ చేస్తారు అని. దాని కింద మూడు బొటనవేళ్లు. అంతే. ఎవరు ఏం చేస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందరూ ఓకే అన్నారు.

రెండు నిమిషాల్లో ఫోన్. "అన్నయ్యా, ఈ గ్రూప్ వర్క్ కనిపెట్టినోడెవడో చెప్పు. వాళ్లింటికెళ్లి మా రికార్డు వాడిచేతే రాయిస్తా."

తను బీటెక్ ఫస్టియర్. ఫిజిక్స్ సార్ ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో చిన్న పని ఇచ్చారట. వీళ్లకి వచ్చింది లేజర్ లైటుతో తలవెంట్రుక మందం కనుక్కోవడం. నాలుగు పేర్లు, ఒక రిపోర్ట్, నలుగురికీ ఒకే మార్కు. "నేనొక్కదాన్నే చేస్తా, నలుగురికీ మార్కులొస్తాయి. ఇదేం న్యాయం?" అంది.

నవ్వాను. నవ్వాక కాస్త ఇబ్బందిగా అనిపించింది. పదేళ్ల కింద అచ్చం ఇదే మాట నేనూ అన్నాను. నా బ్యాచ్‌లో పనంతా నెత్తినేసుకున్న మంచివాణ్ని నేనే అని చాలాకాలం నమ్మాను కూడా.

అది చదువుకోవడం అన్నా!

ఫిబ్రవరిలో మిరప కోతలని పది రోజులు ఊరొచ్చా. మాది ప్రత్తిపాడు దగ్గర. పగలు ల్యాప్‌టాప్ ముందు, సాయంత్రం గుంటూరులో. బ్రాడీపేట, అరండల్‌పేట హాస్టళ్ల దగ్గర బజ్జీల బండి చుట్టూ ఎప్పుడూ స్టూడెంట్సే. చెల్లి గొడవ బుర్రలో ఉంది కాబట్టి కనిపించిన వాళ్లనల్లా అదే అడిగా. ఫిజిక్స్‌లో గ్రూప్ వర్క్ అంటే ఏమనిపిస్తుంది అని.

"ఇద్దరం చేస్తాం, ఇద్దరు ఫొటోలో ఉంటారు" అన్నాడొకడు. "వాళ్లకు చెప్పేలోపు నేనే చేసేస్తే అయిపోద్ది" అంది ఓ అమ్మాయి. ఒంగోలు వైపు నుంచి వచ్చిన బీఎస్సీ కుర్రాడు కాసేపు ఆలోచించి, "నేను నోరెత్తనన్నా. మాట్లాడితే నాకేం రాదో తెలిసిపోద్ది" అన్నాడు. వాడు ఇంటర్ దాకా తెలుగు మీడియం.

సరే, పరీక్ష ముందురోజు రాత్రి ఎలా చదువుతారు అని అడిగా. ఒక్కసారిగా అందరి మొహాలూ మారిపోయాయి. ఒకే రూములో పదిమంది. ఒకడికి లేజర్లు వచ్చు, ఒకడికి క్వాంటమ్ వచ్చు. ఒకడు మంచం మీద కూర్చుని చెప్తుంటే మిగతావాళ్లు కింద. తెల్లవారుజామున టీ. మధ్యలో తిట్లు. ఆ రాత్రి నేర్చుకున్నంత సెమిస్టర్ మొత్తంలో నేర్చుకోలేదని నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు.

"మరి అది గ్రూప్ వర్క్ కాదా?" అన్నా.

"అది గ్రూప్ వర్క్ కాదన్నా," అన్నాడు మొదటివాడు, "అది చదువుకోవడం."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయా. మన పిల్లలకి కలిసి పనిచేయడం ఇష్టం లేదని లెక్చరర్లు అంటుంటారు. ఇష్టం లేకేం, అర్ధరాత్రి రెండింటికి ఒకడి నోట్సు మీద పదిమంది పడతారు. వాళ్లకు పడనిది కాలేజీ 'గ్రూప్ వర్క్' అని పేరుపెట్టి ఇచ్చేది. ఆ రెండింటికీ తేడా ఏంటో నా సొంత కథలో కాస్త ఆలస్యంగా తెలిసింది.

న్యూటన్స్ రింగ్స్, టేబుల్ నంబర్ 3

నేను 2015లో ఇంజినీరింగ్‌లో చేరా. కాలేజీ పేరు వద్దులెండి, గుంటూరు చుట్టుపక్కలే. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మా బ్యాచ్‌లో నలుగురం. నేను, ఇంకో ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి.

న్యూటన్స్ రింగ్స్ చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సోడియం లైటు వేడెక్కి పూర్తి పసుప్పచ్చగా వెలగడానికి కాసేపు ఆగాలి. గాజుపలక మీద ఉబ్బు కటకం. పైన ట్రావెలింగ్ మైక్రోస్కోప్. ఫోకస్ కుదిరితే ఒకదాని చుట్టూ ఒకటి నల్లటి, పసుప్పచ్చటి వలయాలు. మధ్యలో నల్లచుక్క రావాలి. గాజు మీద దుమ్ముంటే తెల్లచుక్క వస్తుంది. అప్పుడు మళ్లీ తుడవాలి. క్రాస్‌వైర్‌ని ఎడమవైపు ఇరవయ్యో రింగు దాకా తీసుకెళ్లి, అక్కణ్నుంచి కుడికి ఒక్కో రింగూ దాటుకుంటూ రీడింగ్ తీయాలి. మరను ఒకే దిక్కుకు తిప్పాలి. ఒక రింగు దాటిపోయిందని వెనక్కి తిప్పితే మరలో ఉండే వదులు వల్ల రీడింగ్ తప్పొస్తుంది. దాన్నే బ్యాక్‌లాష్ ఎర్రర్ అంటారు. అంటే ఎక్కడైనా తడబడితే మొత్తం మొదటి నుంచి.

ఆ 'మొదటి నుంచి' అనే భయంతోనే నేను మైక్రోస్కోప్ ఎవరికీ ఇవ్వలేదు. నేను చూస్తా, నేనే స్కేలు చదువుతా, ఆ అమ్మాయి రాస్తుంది. తన చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఒకడు కాలిక్యులేటర్ పట్టుకునేవాడు. నాలుగోవాడు జిరాక్స్‌కి వెళ్లేవాడు. గంటన్నరలో అయిపోయేది. పక్క బ్యాచ్‌లు ఇంకా ఫోకస్ దగ్గరే ఉంటే మేం సంతకం పెట్టించుకుని క్యాంటీన్‌లో ఉండేవాళ్లం. బ్యాచ్ అంటే మాదే అనుకునేవాణ్ని. లోపల్లోపల మాత్రం 'ముగ్గురినీ నేనే మోస్తున్నా' అని ఓ చిన్న గర్వం, ఓ చిన్న కడుపుమంట.

ఎక్స్‌టర్నల్ రోజు చీటీలు తీయించారు. ఎవరి చీటీ వాళ్లది, ఎవరి టేబుల్ వాళ్లది. ఆ అమ్మాయికి న్యూటన్స్ రింగ్స్ వచ్చింది. నా టేబుల్ నుంచి తను కనిపిస్తూనే ఉంది. గంట గడిచినా వంగి చూస్తూనే ఉంది, కాగితం మీద ఏమీ లేదు. ఫార్ములా, థియరీ అన్నీ రాసిందట, అవి తనకు మాకందరికంటే బాగా వచ్చు. రీడింగ్స్ మాత్రం నాలుగు. ఆ సబ్జెక్టులో తనకు వచ్చిన మార్కులు అంచుమీద పాసు మార్కులు. మిగతావన్నీ ఎనభై పైన.

అప్పట్లో నాకు జాలేసింది. నా తప్పు ఉందని మాత్రం తట్టలేదు.

మూణ్నాలుగేళ్ల కింద ఓ ఫ్రెండు పెళ్లిలో కలిసింది. ఇప్పుడు బ్యాంకులో చేస్తోంది. పాత కబుర్లు మాట్లాడుకుంటూ ల్యాబ్ గురించి వచ్చింది. నవ్వుతూనే అంది: "ఆ ఏడాదంతా నీ రీడింగులు నా చేత్తో రాశా. ఆ రింగులు ఎలా ఉంటాయో ఎక్స్‌టర్నల్ రోజునే మొదటిసారి చూశా, తెలుసా? చూడటం కూడా కాదు, వెతికా."

ఏం చెప్పాలో తెలీక, "అడిగుంటే ఇచ్చేవాణ్ని కదా" అన్నా.

"రెండుసార్లు అడిగా. 'కదిలిపోద్ది, వద్దు' అన్నావు."

నాకు గుర్తు లేదు. తనకు గుర్తుంది.

మైక్రోస్కోపులు ఆరు, పిల్లలు అరవై

ఇక్కడ నన్ను నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి గానీ, ల్యాబ్ ఎలా ఉండేదో కూడా చెప్పాలి. మా సెక్షన్‌లో అరవై పైచిలుకు మందిమి. పనిచేసే మైక్రోస్కోపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకదానికి మర జారిపోయేది. రెండు మూడు గంటల్లో ప్రయోగం అయిపోవాలి, సంతకం పడాలి, వచ్చేవారానికి రికార్డు రాసేయాలి. నలుగురిని ఒక టేబుల్ దగ్గర నిలబెట్టింది కలిసి ఆలోచిస్తారని కాదు, నాలుగు మైక్రోస్కోపులు లేక.

మన దగ్గర చాలా కాలేజీల్లో గ్రూపు అనేది బోధనా పద్ధతి కాదు, సామాను కొరతకు పెట్టిన మర్యాదైన పేరు. ఈ మాట కాస్త ఘాటుగా ఉన్నా వెనక్కి తీసుకోను. పరికరం ఒకటి, చేతులు ఎనిమిది, టైం తక్కువ. అప్పుడు ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు. వేగంగా చేసేవాడి చేతిలోకి మర వెళ్తుంది. చేతిరాత బాగున్న అమ్మాయి చేతిలోకి పెన్ను వెళ్తుంది. మాట్లాడటానికి జంకేవాడు జిరాక్స్ షాపుకి వెళ్తాడు. ఎవరూ కుట్ర చేయలేదు. ఫలితం మాత్రం కుట్ర చేసినట్టే ఉంటుంది.

దీనికి ముందు ఇంకో రెండేళ్లు ఉన్నాయి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ ఎంపీసీ. ఆదివారం పరీక్ష, సోమవారానికి గోడ మీద ర్యాంకులు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. స్టడీ అవర్‌లో పక్కవాడితో మాట్లాడితే నిలబెట్టేవారు. ఓసారి నా పక్కవాడికి ప్రొజెక్టైల్ లెక్క చెప్తూ దొరికిపోయా. "వాడి ర్యాంకు నీకెందుకు, నీ ర్యాంకు చూసుకో" అన్నారు. తప్పు పట్టడానికి లేదు, అక్కడి ఆట అదే. ఎంసెట్‌లో వాడికొచ్చిన ఒక్కో మార్కూ నన్ను వెనక్కి నెట్టేదే. రెండేళ్లు అలా పెరిగినవాణ్ని మూడు నెలల తర్వాత ఇంకో ముగ్గురితో ఒక టేబుల్ దగ్గర నిలబెట్టి 'కలిసి చేయండి' అంటే ఎలా చేస్తాడు? నాలా చేస్తాడు.

వాళ్లేం కనిపెట్టారు?

ఉద్యోగంలో చేరాక ఒకసారి ఏదో వెతుకుతూ ఫిజిక్స్ బోధన మీద జరిగిన పరిశోధనల్లోకి జారిపోయా. ఇదో పెద్ద శాస్త్రమే అని అప్పటిదాకా తెలీదు.

ఎరిక్ మజూర్ హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. 1984 నుంచి అక్కడ పాఠాలు చెప్తున్నాడు. పిల్లలు మంచి మార్కులే ఇస్తున్నారు, లెక్కలూ చేస్తున్నారు. 1990 ప్రాంతంలో బలం, చలనం మీద చాలా మామూలు ప్రశ్నలు ఇచ్చి చూస్తే తడబడ్డారు. ఒక ప్రశ్నను బోర్డు మీద ఒకసారి విడమరిచాడు, రెండోసారి ఇంకోలా చెప్పాడు. మొహాలు అలాగే ఉన్నాయి. విసిగిపోయి, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడట. క్లాసంతా గోల. కొద్ది నిమిషాల్లో తేల్చేశారు. ప్రొఫెసర్‌కు ఆ విషయం ఎప్పుడో అర్థమైపోయింది కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో మర్చిపోయాడు. పక్కన కూర్చున్నవాడికి నిన్ననే అర్థమైంది, వాడికి గుంట ఎక్కడుందో గుర్తుంది. 1991 నుంచి మజూర్ దాన్నే పద్ధతిగా చేసుకున్నాడు. ముందు ఎవరి జవాబు వాళ్లు చెప్పాలి. తర్వాత పక్కవాడితో వాదించాలి. ఆ తర్వాత మళ్లీ జవాబు చెప్పాలి. మన హాస్టల్ రూములో అర్ధరాత్రి జరిగేది కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే మనకి టీ ఖర్చు అదనం.

మనవాళ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. బజ్జీల బండి దగ్గర కుర్రాడు చెప్పాడుగా, నోరెత్తనని. వాడు తెలుగు అకాడమీ పుస్తకాల్లో 'వ్యతికరణం', 'వివర్తనం' చదువుకుని వచ్చాడు. క్లాసులో 'ఇంటర్‌ఫియరెన్స్', 'డిఫ్రాక్షన్' అంటుంటే అవి తనకు తెలిసినవే అని గ్రహించడానికి వారం పట్టిందట. చెప్పింది సార్ కాదు, రూమ్మేట్. లెక్చర్ ఇంగ్లిష్‌లో నడిచినా రూములో వాదన తెలుగులోనే నడుస్తుంది. తెలుగులో వాదించుకున్న ఫిజిక్స్ అంత తొందరగా మర్చిపోం.

రెండోది మిన్నెసోటా యూనివర్సిటీ. అక్కడ ప్యాట్రీషియా హెల్లర్, మార్క్ హొల్లాబా అనే ఇద్దరు ఫిజిక్స్ లెక్కలు గ్రూపులుగా చేయించి 1992లో తాము గమనించింది రాశారు. గ్రూపుకి ముగ్గురు అయితే బాగుంటుంది. ఒకరు పని నడిపించాలి, ఒకరు రాయాలి, ఒకరు ప్రతిదానికీ 'అది ఎందుకలా?' అని అడ్డుపడాలి. ఈ పాత్రలు మారుతూ ఉండాలి. నన్ను కుదిపింది వేరే సంగతి. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి ఉన్న గ్రూపుల్లో అబ్బాయిలదే పైచేయి అవుతోందట. అమ్మాయికి వాళ్లకంటే ఎక్కువ వచ్చినా సరే. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి ఉంటే ఆ ఇబ్బంది కనిపించలేదు. మాది ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. నేను పుట్టకముందే, ప్రపంచానికి అవతల చివర మా టేబుల్ నంబర్ 3 గురించి రాసిపెట్టినట్టుంది.

మూడోది చాలా సరదా అయినది. మళ్లీ హార్వర్డే. 2019లో లూయీ డెలోరియే, అతని సహచరులు ఒక పేపర్ రాశారు. ఫిజిక్స్ పిల్లల్ని రెండు భాగాలు చేశారు. ఒకరికి చక్కగా, తడబాటు లేకుండా చెప్పే లెక్చర్. ఇంకొకరికి అదే పాఠం, కానీ చిన్న గ్రూపుల్లో కుస్తీపట్టి చేయాలి. తర్వాతి పాఠానికి అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. పరీక్ష పెడితే గ్రూపుల్లో చేసినవాళ్లకే ఎక్కువ వచ్చింది. ఎవరు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారో అడిగితే మాత్రం లెక్చర్ విన్నవాళ్లే! సాఫీగా వినిపిస్తే అర్థమైనట్టు ఉంటుంది. తడబడితే ఏమీ రానట్టు ఉంటుంది. నిజానికి నేర్చుకోవడం ఆ తడబాటులోనే జరుగుతోంది. ఈ సంగతి సెమిస్టర్ మొదట్లోనే పిల్లలకు చెప్పేస్తే వాళ్ల అభిప్రాయం మెరుగైందని కూడా అదే పేపర్‌లో ఉంది. మన దగ్గర ఎవరూ చెప్పరు. అందుకే 'గ్రూప్ వర్క్ అంటే టైం వేస్ట్' అని పిల్లలు అనుకుంటే వాళ్ల తప్పు సగమే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నా. నేను ఫస్టియర్‌లో చేరిన ఆ ఏడాదే, 2015 సెప్టెంబరు 14న, అమెరికాలో లైగో పరికరాలు మొదటిసారి గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. లైగో కూడా కాంతి వ్యతికరణంతోనే పనిచేస్తుంది. న్యూటన్స్ రింగ్స్‌కి కొన్ని కిలోమీటర్ల పొడవున్న తోబుట్టువు అనుకోండి. 2016 ఫిబ్రవరిలో వచ్చిన ఆ పేపర్ మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి. అదే రోజుల్లో మా టేబుల్ దగ్గర నలుగురికి ఒక మైక్రోస్కోప్ పంచుకోవడం చేతకాలేదు.

ఎవరి సాలు వాళ్లది

ఇవన్నీ చెప్తుంటే మా అమ్మ మధ్యలో, "అంత దూరం ఎందుకు, చేలోకి పో" అంది.

మా చేలో ఆ వారం కాయ కోత. ముఠాలో పద్దెనిమిది మంది, అందరూ ఆడవాళ్లే. కర్నూలు వైపు నుంచి ఏటా వలస వస్తారు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, కానీ ఎప్పుడూ ఈ కన్నుతో చూడలేదు. పక్కపక్కన సాళ్లు పట్టుకుంటారు. ఎవరి సాలు వాళ్లది. పండుకాయ వదిలేస్తే వెనకనుంచి చూసేవాళ్లకి ఏ సాలులో వదిలారో ఇట్టే తెలిసిపోతుంది. అలాగని ఎవరికి వాళ్లే పోరు. ముందు గట్టు చేరినావిడ ఎదురు తిరిగి, వెనకబడిన మనిషి సాలు అవతలి చివర నుంచి అందుకుంటుంది. ఇద్దరూ మధ్యలో కలుసుకుంటారు. ఒంట్లో బాగోలేని పెద్దామె ఒకామె ఉంది. ఆమె సాలుకి ఇద్దరు ఎదురొచ్చారు. మర్నాడు కల్లంలో తాలుకాయలు ఏరడం దగ్గర ఆమే అందరికంటే ముందుంది.

"రోజూ ఎదురు రమ్మంటే వస్తారా?" అని అమ్మనడిగా.

"రోజూ వెనకబడితే మేస్త్రే మాట్లాడతాడు. ఊరికే ఎవరు మోస్తారు?"

మాక్స్ రింగెల్‌మాన్ అని ఓ ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు ఉండేవాడు. మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. 1913లో అచ్చైన ఆ లెక్కల ప్రకారం ఇద్దరు కలిసి లాగితే ఒక్కొక్కరు తమ బలంలో 93 శాతం పెడుతున్నారు. ఎనిమిది మంది అయ్యేసరికి సగమే, 49 శాతం. తాడు ఒకటే కాబట్టి ఎవరెంత లాగారో కనపడదు. చేలో అలా కాదు, సాళ్లు వేరు. మా చెల్లి బ్యాచ్‌కి ఇచ్చింది తాడు. నలుగురికీ ఒకే రిపోర్ట్, ఒకే మార్కు. మూడు బొటనవేళ్లు రావడంలో వింతేముంది?

నా ఉద్యోగంలోనూ అదే చూస్తున్నా. టీములో ఎనిమిది మందిమి ఒకే కోడ్ మీద పనిచేస్తాం. ఏ లైను ఎవరు రాశారో గిట్‌లో ఎప్పటికీ ఉంటుంది. నేను రాసింది ఇంకొకరు చూసి ఒప్పుకుంటే తప్ప లోపలికి వెళ్లదు. చేరిన మొదటి ఆర్నెల్లు నాకది అవమానంగా ఉండేది. నా కోడ్‌ని ఇంకొకడు చూడటమేంటి అని. మైక్రోస్కోప్ అలవాటు, అంత తేలిగ్గా పోదు.

గుంటూరులోనే ఓ కాలేజీలో చెప్తున్న సీనియర్ ఒకాయనతో దీని గురించి మాట్లాడా. ఆయన చేసేది చాలా సింపుల్. రీడింగులు వంతులవారీగా తీయాలి, ప్రతి రీడింగు పక్కన తీసినవాళ్ల సంతకం. చివర్లో బ్యాచ్ నుంచి ఎవరో ఒకర్ని ఆయనే పిలుస్తారు. వాళ్లు వైవాలో చెప్పినదాన్ని బట్టి బ్యాచ్ అందరికీ మార్కులు. "ఎవర్ని పిలుస్తానో తెలీదు కాబట్టి అందరూ అందరికీ నేర్పుతారు" అన్నారు. మొదటి నెల పిల్లలు బాగా తిట్టుకుంటారట. ప్రయోగం కూడా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి సిలబస్‌లో ఒకట్రెండు ప్రయోగాలు మిగిలిపోతాయి. అది మాత్రం ఆయన చేతిలో లేదు. సామాను కొరతా ఆయన చేతిలో లేదు. అయినా ఫోన్ కెమెరాని మైక్రోస్కోప్ కళ్లద్దం మీద పెట్టి రింగులు నలుగురికీ ఒకేసారి చూపిస్తున్నారు. ఖర్చు సున్నా. 2015లో మా నలుగురి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. మాకు తట్టలేదు.

బ్యాచ్ 7, ఆదివారం

చెల్లికి నేను పెద్దగా సలహాలివ్వలేదు. టేబుల్‌లో నాలుగు నిలువు గడులు గియ్యమన్నా. ఎవరి వెంట్రుక వాళ్లే కొలవాలి, ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు తప్పు పట్టాలి అన్నా. "వాళ్లు రారు" అంది. "ఆదివారం చిన్నమ్మ చేతి కోడిపులావు అని పెట్టు గ్రూపులో" అన్నా.

ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. నాలుగోవాడు రాలేదు. "చెప్పాగా, వాడంతే" అంది చెల్లి.

లేజర్ పాయింటర్ గుంటూరులో కొన్నదే, దాని మీద 650 నానోమీటర్లు అని స్టిక్కర్. అట్టముక్కకి కన్నం చేసి వెంట్రుక అడ్డంగా అతికించారు. తలుపులేసి చీకటి చేశారు. గోడ మీద ఎర్రటి చారలు, మధ్యమధ్య నల్లటి ఖాళీలు. కళ్లలోకి కొట్టుకోవద్దని చిన్నాన్న నాలుగుసార్లు కేకేశాడు. పక్కపక్క ఖాళీల మధ్య దూరం 1.6 సెంటీమీటర్లు. మా చెల్లి చకచకా లెక్కేసి 97 మైక్రాన్లు అని రాసేసింది. అచ్చం నేనే.

వచ్చినబ్బాయి అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. మెల్లగా అన్నాడు: "దూరం 2.4 మీటర్లు అని తీసుకున్నావు. అది లేజర్ దగ్గర్నుంచి గోడకి. వివర్తనం జరిగేది వెంట్రుక దగ్గర కదా?" టేపు పట్టుకుని కొలిచారు. వెంట్రుక నుంచి గోడకి సరిగ్గా 2 మీటర్లు. మళ్లీ లెక్కేస్తే 81 మైక్రాన్లు. చెల్లి ఒక్క క్షణం వాడి వంక చూసి, 97ని కొట్టేసింది. తర్వాత లేజర్ వాడి చేతికిచ్చింది. చిన్నమ్మ వెంట్రుక కూడా కొలిచారు. సన్నగా ఉందని తేలేసరికి, "పిల్లల్ని పెంచితే అంతే" అంది ఆవిడ వంటింట్లోంచి.

సాయంత్రం అసలు గొడవ వచ్చింది. రిపోర్ట్ మీద నాలుగో పేరు రాయాలా, వద్దా? వద్దనే అంది చెల్లి. ఆ రెండో అమ్మాయి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అవతల గాలి శబ్దం, ఎవరో ఆడవాళ్ల మాటలు. వాళ్లది మార్టూరు వైపు. కూలీలు దొరకలేదట, శనివారం నుంచి వాడూ, వాళ్లమ్మా కాయ కోస్తున్నారు. "చెప్పొచ్చు కదా?" అంది చెల్లి. "ఏం చెప్పాలి, మిరపకాయలు కోస్తున్నా రాలేను అనా?" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాలుగో గడి మంగళవారం దాకా ఖాళీగానే ఉంది. మంగళవారం రాత్రి 'ఫిజిక్స్ బ్యాచ్ 7'లో ఒక ఫొటో వచ్చింది. హాస్టల్ గోడ, దాని మీద ఎర్రటి చారలు, పక్కన స్కేలు. చెల్లి నాకు స్క్రీన్‌షాట్ పంపింది. కింద బొటనవేలు లేదు. "లేజర్ నుంచి కొలిచావా, వెంట్రుక నుంచా?" అని అడిగింది.